విడిగా వండిన మెతుకు: విడుదలకు ముందే నాలుగు ఆటలు ఆడి వచ్చాక

[తెర మీద: నల్ల టేబుల్, దాని మీద కంట్రోలర్, పక్కన ఖాళీ టిష్యూ ప్యాకెట్]

ప్రివ్యూ హాల్లో అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేది ఇదిగో, ఈ తడి టిష్యూ ప్యాకెట్. ఒకరు ఆడి లేవగానే కంట్రోలర్ తుడిచి ఇంకొకరి చేతిలో పెడతారు. పోయిన శనివారం గచ్చిబౌలిలో నా వంతు వచ్చేసరికి మొదటి టేబుల్ దగ్గర ప్యాకెట్ అయిపోయింది. అక్కడున్న డెవలపర్ కుర్రాడు టీషర్ట్ అంచుతోనే తుడిచి, "ఏమనుకోకండన్నా" అంటూ చేతికిచ్చాడు.

నమస్తే. ఇంకా మార్కెట్లోకి రాని నాలుగు కన్సోల్ ఆటలు, అంటే ఆటల కోసమే చేసిన యంత్రం మీద నడిచేవి, ఆడి వచ్చాను. ఒక్కోటి అరగంట. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియోలో ఆటల పేర్లు ఉండవు. గుమ్మం దగ్గరే కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పేరు, కథ, బొమ్మ, ఏదీ వాళ్లు చెప్పిన తేదీ దాకా బయటికి రాకూడదు. దీన్ని ఎంబార్గో అంటారు. ఆడితే చేతికి ఎలా ఉందో చెప్పుకోవచ్చా అని అడిగితే, దానికి అభ్యంతరం లేదన్నారు. నాకు అది చాలు. పేరు తెలిసిన ఆట అయితే ఎప్పుడో చూసిన ట్రైలర్ బుర్రలో తిరుగుతూనే ఉంటుంది, సగం మార్కులు దానికే వేసేస్తాం.

మరి పేర్లు లేకుండా ఈ వీడియో దేనికంటారా? డబ్బు కోసం. మీ డబ్బే. 2021 ఫిబ్రవరి 2న సోనీ వాళ్ల కన్సోల్ పీఎస్5 మన దేశంలోకి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ ధర 49,990 రూపాయలు. పెద్ద ఆట ఒక్కోటి ఐదు వేలకి అటూ ఇటూ. అంత పెట్టేముందు మనకి దొరికే ఆధారం ఎవరో ఒకరు అరగంట ఆడి చెప్పిన మాట. ఆ అరగంట ఎలా తయారవుతుందో తెలిస్తే, నాతో సహా ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది.

[తెర మీద: ఉడుకుతున్న అన్నం గిన్నె]

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన ఇళ్లలో. డెమో, అంటే విడుదలకు ముందు ఆడి చూడమని ఇచ్చే ముక్క దగ్గర ఆ లెక్క పనిచేయదు. మన చేతికిచ్చే మెతుకు ఆ గిన్నెలోది కాదు. చిన్న గిన్నెలో విడిగా, నెయ్యి వేసి మరీ వండినది.

ఆటలు తయారు చేసేవాళ్లు దీన్ని వర్టికల్ స్లైస్ అంటారు. ముప్పై గంటల ఆటలో ఒక పావుగంట ముక్క తీసుకుంటారు. బొమ్మలు, శబ్దాలు, పోరాటం, మెనూలు అన్నీ ఆ ముక్క వరకు పూర్తిగా చెక్కుతారు. మిగతా ఆట అంతా అప్పటికి బూడిద రంగు డబ్బాల్లా పడి ఉండొచ్చు. ఇది మోసమేమీ కాదు. చిన్న జట్టు పబ్లిషర్ దగ్గరికి వెళ్లి పెట్టుబడి అడగాలంటే చూపించేది ఇదే. పుణె వాళ్లు తీసిన 'రాజీ' ఆటనే చూడండి. కిక్‌స్టార్టర్‌లో జనాన్ని డబ్బు అడిగితే అనుకున్న మొత్తం రాలేదు. అయినా పట్టు వదలకుండా, 2020 ఆగస్టులో ముందు నింటెండో వాళ్ల కన్సోల్ స్విచ్ మీదికి, ఆ తర్వాత మిగతా కన్సోళ్ల మీదికి తెచ్చారు. చేతిలో చూపించడానికి ఆడగలిగే ముక్క లేకపోతే ఇలాంటి జట్ల మాట ఎవరు వింటారు?

తంటా ఎక్కడొస్తుందంటే, ఆ ముక్క చూసి మనం మొత్తం ఆటని ఊహించుకుంటాం కదా, అక్కడ.

2005లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఈ3 అనే వీడియో గేమ్‌ల ప్రదర్శనలో 'కిల్‌జోన్ 2' వీడియో వేశారు. ఆట నిజంగా అలాగే ఉంటుందనుకుని జనం నోళ్లు తెరిచారు. అది కన్సోల్ మీద నడుస్తున్న ఆట కాదు, కంప్యూటర్ మీద ముందే గీయించి (రెండర్ చేసి) పెట్టిన వీడియో. అసలు ఆట వచ్చింది 2009లో. పాపం, వచ్చిన ఆట బాగానే ఉంది, కానీ ఆ నాలుగేళ్లూ ఆ వీడియో దాని నెత్తి మీద కూర్చుంది. ఇంకా దగ్గరిది 'సైబర్‌పంక్ 2077'. 2018లో 48 నిమిషాల డెమో చూపించారు, పీసీ మీద నడిపి. 2020 డిసెంబర్ 10న ఆట వచ్చింది. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ లాంటి పాత కన్సోళ్లు ఉన్నవాళ్లకి ఆట సరిగా నడవక చుక్కలు కనపడ్డాయి. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. అందుకే ఏ డెమో దగ్గరైనా నా మొదటి ప్రశ్న ఒకటే: టేబుల్ కింద ఉన్నది కన్సోలా, పీసీనా? అడిగితే దాచరు. అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

[తెర మీద: మూడో టేబుల్, గీసిన బొమ్మ]

ఆ రోజు మూడో టేబుల్ మీద ఉన్నది నాలుగింటిలో ఖరీదైన ఆట. పెద్ద నగరం, వాన, తడి రోడ్డు మీద దుకాణాల లైట్లు. వాన నీళ్లలో బోర్డు వెలుగు ఎలా కదులుతోందో చూస్తూ రెండు నిమిషాలు కదలకుండా నిలబడిపోయాను. అబద్ధం ఎందుకు, అందంగా ఉంది.

తర్వాత ఎడమవైపు ఒక సందు కనిపించింది. మనం అసలే సందుల్లో పెరిగినవాళ్లం. అటు తిప్పాను. పక్కన నిలబడ్డ మేడమ్ నవ్వుతూనే, "సర్, అటు వద్దు, నేరుగా వెళ్లండి, అక్కడ సీన్ ఉంది" అంది. సరేనని నాలుగడుగులు వేసి మళ్లీ ఇంకో తలుపు దగ్గర ఆగాను. "సర్, అది ఈ బిల్డ్‌లో లేదు." బిల్డ్ అంటే ఆ రోజుకి తయారైనంత వరకు ఉన్న ఆట. మూడోసారి నేనేమీ అనకముందే ఆవిడ చెయ్యి వీధి చివరివైపు చూపిస్తోంది. ఇల్లు కట్టే దగ్గర మేస్త్రీ మనల్ని ఒక గదిలోకే తీసుకెళ్లి టైల్స్ చూపిస్తుంటే ఎలా ఉంటుందో, అలా ఉంది. టైల్స్ బాగున్నాయి. మిగతా గదులకి పైకప్పు పడిందో లేదో నాకు తెలీదు. ఓపెన్ వరల్డ్, అంటే ఇష్టమొచ్చిన వైపు తిరగగలిగే ఆట అని చెప్పి, అందులో అరగంట ఒకే వీధిలో నడిపిస్తే నేను మెచ్చుకోలేను. బొమ్మలకి పూర్తి మార్కులు, ఆటకి ఇంకా పేపర్ దిద్దలేదు.

అలాగని డెమోలన్నీ కొట్టిపారేయలేం. 2014 ఆగస్టులో పీఎస్4 స్టోర్‌లో 'పీ.టీ.' అనే ఉచిత డెమో పెట్టారు. ఎవరూ వినని స్టూడియో పేరుతో. అందులో ఉన్నది ఇంట్లోని ఒకే ఒక నడవా, తిరిగి తిరిగి అక్కడికే వస్తాం. అసలు ఆట రద్దయిపోయింది, డెమోని కూడా 2015లో స్టోర్ నుంచి తీసేశారు. అయినా భయం ఆటలు తీసేవాళ్లు ఇప్పటికీ ఆ నడవా గురించే మాట్లాడుకుంటారు. మెతుకే మిగిలింది, అన్నం రాలేదు.

సరే, నెయ్యి ఎంత పోసినా దాచలేనివి కొన్ని ఉంటాయి. నేను వాటినే వెతుకుతాను.

రెండో టేబుల్ దగ్గరికి రండి. ముగ్గురు కలిసి చేస్తున్న ఆట, దూకుతూ ఎక్కుతూ పోయే రకం. బొమ్మలు సాదాసీదా. కానీ మొదటిసారి దూకగానే నా వీపు నిటారు అయింది. ఎందుకో చెప్తాను. ఇలాంటి ఆటల్లో అంచు చివరిదాకా పరిగెత్తి దూకాలి. మనం బటన్ నొక్కేసరికి బొమ్మ కాలు అప్పటికే అంచు దాటి ఉంటుంది. కచ్చితంగా లెక్క కడితే పడిపోవాల్సిందే. మంచి ఆటలో పడదు. అంచు దాటాక కూడా కొన్ని ఫ్రేముల పాటు (తెర మీద క్షణక్షణం మారే ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) దూకనిస్తారు. దీన్ని కొయొటీ టైమ్ అంటారు. కార్టూన్లో తోడేలు లాంటి జంతువు కొండ అంచు దాటి గాల్లో కాసేపు నడుస్తుంది చూడండి, ఆ పేరే. ఇంకోటి, నేల తాకడానికి ఒక్క క్షణం ముందే దూకు బటన్ నొక్కేశామనుకోండి, ఆట దాన్ని గుర్తుపెట్టుకుని తాకగానే దూకిస్తుంది. ఈ రెండూ ఉంటే ఆడేవాడికి తెలీదు, "భలే ఆడుతున్నానే" అనుకుంటాడు. లేకపోతేనే తెలుస్తుంది, కంట్రోలర్‌ని తిడతాడు.

ఆ ముగ్గురూ ఇది ఎంత ఓపిగ్గా సరిచేశారో చేతికి తెలిసిపోతోంది. పైగా వాళ్లలో ఒకమ్మాయి తెర వైపు చూడట్లేదు. నా బొటనవేలినే చూస్తూ నోట్‌బుక్‌లో గీతలు పెడుతోంది. నేను ఎక్కడ తడబడ్డానో అక్కడ ఒక గీత. ఇరవయ్యో నిమిషంలో ఆట క్రాష్ అయి హోమ్ స్క్రీన్ వచ్చేసింది. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. తయారీలో ఉన్న బిల్డ్ కదా, పడితే పడుతుంది. క్రాష్‌లు విడుదలయ్యేలోపు బాగవుతాయి. చేతికి నచ్చని దూకే తీరు చివరి నెలలో బాగవడం మాత్రం నేను పెద్దగా చూడలేదు.

సేవ్ కూడా చూస్తాను. ఇది నా పాత జబ్బు. చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి వెనక వీడియో గేమ్ పార్లర్ ఉండేది. పీఎస్2, గంట లెక్కన డబ్బు. ఎంతవరకు ఆడామో దాచుకునే (సేవ్ చేసే) మెమరీ కార్డ్ ఓనర్ అంకుల్ గల్లాపెట్టెలో ఉండేది, నమ్మకస్తులకే ఇచ్చేవాడు. సేవ్ చేసేలోపు టైం అయిపోయిందా, గోవిందా. అందుకే ఇప్పటికీ ఏ ఆట చేతికొచ్చినా ఒకసారి కావాలనే చచ్చి చూస్తాను. ఎంత వెనక్కి పంపిస్తోంది? మళ్లీ అదే సంభాషణ వినిపిస్తోందా? మూడో టేబుల్ ఆట నాలుగు నిమిషాలు వెనక్కి తోసింది, సీన్ దాటవేయనివ్వలేదు. రెండోది రెప్పపాటులో అంచు మీద నిలబెట్టింది.

నాలుగో టేబుల్‌ది చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ మీద కార్ రేస్. బాగుంది. కాకపోతే టీవీ కోసం రాసిన అక్షరాలే చిన్న తెర మీదా పెట్టారు, మిషన్ ఏంటో చదవడానికి కళ్లజోడు తీసి, తెరని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాల్సి వచ్చింది. అంతే.

[తెర మీద: మొదటి టేబుల్, టీవీ వెనక తీగలు]

ఇక టీషర్ట్‌తో తుడిచిచ్చిన కుర్రాడి ఆట. కత్తి యుద్ధం. శత్రువు వేటు వేసే క్షణంలో బటన్ నొక్కితే అడ్డుకోవచ్చు, ఆలస్యమైతే తల తెగుతుంది. పొద్దున అరగంట ఆడి నా పుస్తకంలో రాసుకున్నది ఇది: "బరువు. బురదలో కత్తి తిప్పినట్టుంది. వేటు తగిలినప్పుడు ఆపడం బాగుంది." ఆపడం అంటే, కత్తి తగలగానే బొమ్మ మొత్తం రెండు మూడు ఫ్రేములు బిగుసుకుంటుంది. కంటికి కనిపించదు కానీ చేతికి దెబ్బ బలం తెలుస్తుంది. ఇంత తెలిసిన మనిషి మిగతాదంతా ఇంత మొద్దుగా ఎలా వదిలేశాడా అనుకుంటూనే లేచాను.

సాయంత్రం మెట్రోకి బయల్దేరుతూ అటు నుంచే వెళ్లాను. ఎవరూ లేరు. కుర్రాడు ఒక్కడే ఆడుకుంటున్నాడు, అతనికీ తల తెగుతోంది. సొంత ఆటలో! అప్పుడు టీవీ వైపు చూశాను. కదలిక మరీ నున్నగా ఉంది, సీరియల్ షూటింగ్‌లా.

"తమ్ముడూ, టీవీలో గేమ్ మోడ్ పెట్టావా?"

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో కూడా ఇదే జరుగుతుండొచ్చు. సెకనుకి 60 బొమ్మలు అంటే ఒక్కో బొమ్మకి 17 మిల్లీసెకన్ల లోపే. ఈ కాలం టీవీలు క్రికెట్, సినిమా నున్నగా కనిపించాలని రెండు బొమ్మల మధ్య ఇంకో బొమ్మని సొంతంగా పుట్టిస్తాయి. మధ్యది గీయాలంటే తర్వాతి బొమ్మ చేతికందాలి కదా, అందాకా ఇప్పటిదాన్ని ఆపి ఉంచుతాయి. రంగులు దిద్దే పనులు కూడా కలిపితే కొన్ని టీవీల్లో వంద మిల్లీసెకన్ల దాకా ఆలస్యం. అంటే కత్తి లేస్తోందని మన కంటికి కనిపించేసరికి, ఆటలో అది ఆరు ఫ్రేములు ముందుకు వెళ్లిపోయింది. గేమ్ మోడ్ ఈ హంగులన్నీ కట్టేస్తుంది. కొత్త కన్సోల్, కొత్త టీవీ అయితే హెచ్‌డీఎంఐ తీగలోనే ఆ కబురు వెళ్లి మోడ్ దానంతట అదే మారుతుంది. ఇక్కడ ఆటని రికార్డ్ చేయడానికి మధ్యలో ఒక స్ప్లిటర్, అంటే బొమ్మని రెండు దారుల్లో పంపే డబ్బా పెట్టారు. కబురు దాని దగ్గరే ఆగిపోయి ఉండాలి.

రిమోట్ ఎక్కడుందో వెతకడానికి ఐదు నిమిషాలు పట్టింది. బల్ల కింద అట్టపెట్టెలో దొరికింది. మోడ్ మార్చాడు. కంట్రోలర్ నా చేతికే ఇచ్చాడు.

మొదటి వేటు, ఠంగ్. అడ్డుకున్నాను. రెండోది, మూడోది. అదే కత్తి, అదే శత్రువు, బురద లేదు. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న నా భుజాలు దిగాయి. ఇంకో పది నిమిషాలు ఆడి, పుస్తకం తీసి పొద్దున రాసిన మొదటి రెండు వాక్యాలూ కొట్టేశాను. ఆ రోజు ఆడిన నాలుగింటిలో నేను డబ్బు పెట్టి కొనేది ఏదంటే, రెండో టేబుల్ ఆటతో పాటు ఇది.

కుర్రాడు మాత్రం తెర వైపు చూడట్లేదు. టేబుల్ మీద ఉన్న సంతకాల కాగితం తీసి, పొద్దున్నుంచి వచ్చినవాళ్ల పేర్ల మీద పెన్ను ఆనిస్తూ పై నుంచి కిందికి లెక్కపెడుతున్నాడు.

"పదిహేడు మంది ఆడి వెళ్లిపోయారన్నా."