పెద్ద ఆఫ్రికన్ సిక్లిడ్స్‌కి తోడు ఏ చేపలు వెయ్యాలి? మా ఆరడుగుల ట్యాంక్ రివ్యూ

అందరికీ నమస్కారమండీ, పాలకొల్లు నుంచి మళ్ళీ వచ్చేశాను. లైటు కావాలనే వెయ్యలేదండీ, ఎందుకంటే ఫ్రంటోసాలనే ఈ ఆఫ్రికన్ సిక్లిడ్ చేపల సంగతి ఇలా మసక చీకట్లోనే తెలుస్తుంది. ఇదిగో ఈ నుదుటి మీద బుడిపె ఉన్న పెద్దోడు, ఇప్పుడు తొమ్మిదంగుళాలున్నాడు, అడుగు దాకా పెరుగుతాడు. పగలంతా ఎవరి జోలికీ పోడు, మంచోడు అనుకుని నేను కిందటేడాది రంగు బాగుంటుందని ఎల్లో ల్యాబ్ అనే పసుపు చేప పిల్లలు నాలుగు వేశానండీ, రెండంగుళాలవి. పొద్దున లేచి చూస్తే రెండు, మర్నాటికి ఒకటి, నాలుగో రోజుకి అదీ లేదు. కొట్లాట జరిగిన ఆనవాలు ఏం లేదు, ఒక్క పొలుసు కూడా రాలలేదు, రాత్రి నిద్రలో ఉన్నవాటిని అలా మింగేశాడంతే.

తర్వాత చదివితే అర్థమైంది, ఫ్రంటోసాల సొంతూరు, ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సులో కూడా ఇదే పద్ధతి, తెల్లారకముందు మసక చీకట్లో, ఇంకా మత్తుగా ఉన్న సైప్రిక్రోమిస్ అనే చిన్న చేపల గుంపుల దగ్గరికి చప్పుడు లేకుండా వెళ్ళి తింటాయట. అంటే తప్పు చేపది కాదు, నాది. అందుకే ఈ వీడియోలో నేను చెప్పదల్చుకుంది ఒకటే, తోడు చేపని ఎంచుకునేటప్పుడు రంగు చూడకండి, మీ పెద్ద చేప నోరు చూడండి. ఇవాళ ఉన్న నోరు కాదు, రెండేళ్ళ తర్వాత ఉండబోయే నోరు.

సరే ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం. మొదట షాపుల్లో షార్క్ అని అమ్ముతారు చూడండి, బూడిద రంగులో నిగనిగలాడుతూ గుంపుగా తిరుగుతుంది, మా మేనల్లుడు కూడా మావయ్యా ఇది వేద్దాం ఇది వేద్దాం అని ఒకటే గొడవ. అది షార్కూ కాదు ఏమీ కాదండీ, మన ఆకివీడు, కైకలూరు చెరువుల్లో పెంచే పంగాసియస్సే, మెకాంగ్ నది నుంచి వచ్చిన చేప, మీటరు దాటి పెరుగుతుంది. చెరువు గట్టు మీద నిలబడి దాన్ని చూసినోళ్ళెవరూ ఆరడుగుల గాజు పెట్టెలో వెయ్యరు, పైగా ఉలిక్కిపడితే గాజుకేసి మూతి బాదుకుంటుంది. నా మార్కు సున్నా.

ఇంకా ఆస్కార్, ఫ్లవర్‌హార్న్. ఇవి కూడా సిక్లిడ్సే కదా అని చాలామంది కలిపేస్తారు. ఆస్కార్‌ది దక్షిణ అమెరికా, అమెజాన్ మెత్తటి నీళ్ళు, అదే ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీళ్ళు పీహెచ్ 8 దరిదాపుల్లో ఉంటే టాంగన్యీకా 9 దరిదాపుల్లో ఉంటుంది, ఆస్కార్‌కీ ఆఫ్రికన్ చేపలకీ ఒకే నీళ్ళు పెడితే ఏదో ఒకటి ఇబ్బంది పడుతూనే ఉంటుంది. ఫ్లవర్‌హార్న్‌కైతే అసలు తోడే వద్దు, ఒంటరిగానే బాగుంటుంది.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం ఆగి వినండి, నరసాపురం, అంతర్వేది వైపు వాళ్ళు ముఖ్యంగా. మా బోరు ఉప్పగా ఉంటుంది, ఆఫ్రికన్ సిక్లిడ్స్‌కి సరిపోతుంది అన్నా అని చాలామంది మెసేజ్ పెడుతున్నారు. సరిపోదండీ. ఆ చేపలుండేవి మంచినీటి సరస్సులు, అక్కడ ఉన్నది సముద్రపు ఉప్పు కాదు, కార్బొనేట్లు. రొయ్యల రైతులకి ఈ తేడా నేను చెప్పక్కర్లేదు, సాలినిటీ అంటే ఉప్పదనం వేరు, ఆల్కలినిటీ అంటే ఆ కార్బొనేట్ల సంగతి వేరు, మీరు చెరువు నీళ్ళు ల్యాబ్‌కి పట్టుకెళ్ళినప్పుడే ఒక బాటిల్ ట్యాంక్ నీళ్ళు కూడా పట్టుకెళ్ళండి. నేను కాలవ నీళ్ళు వాడి ఫిల్టర్‌లో కడిగిన గుల్ల ముక్కలు వేస్తాను. ఇంకోటి, పీహెచ్ ఎక్కువున్న నీళ్ళలో చేపలు వదిలే అమ్మోనియా మరీ విషం, కాబట్టి నాలుగు చేపలు ఎక్కువేస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు.

మలావీ చేపల్లో రాళ్ళ మీద నాచు గీక్కుని తినే ఎంబునాలు, వీటికి ఫ్రంటోసాతో పొత్తు కుదరదు. అవి క్షణం కుదురుగా ఉండవు, ఫ్రంటోసా నెమ్మది, వీటి హడావుడికి మూలకి పోయి మేత మానేస్తుంది. తిండి కూడా వేరు, మాంసం ఎక్కువున్న పెల్లెట్ తిని ఎంబునాకి పొట్ట ఉబ్బే జబ్బు వస్తుంది. బ్లూ డాల్ఫిన్ మాత్రం, పేరుకు తగ్గట్టు చాలా సాధువండీ, ఎనిమిదంగుళాలు దాటుతుంది, నాకు తెలిసి పెద్ద మలావీ చేపల్లో దీనంత మర్యాదగా ఉండేది తక్కువే. వీనస్టస్‌తో జాగ్రత్త, అది వేటగాడు. బుట్టికోఫెరీ అంటే ఒంటి నిండా నల్ల చారలుండే టిలాపియా, మన జిలేబీ చేపకి చుట్టమే, పిల్లగా ఉన్నప్పుడు ముద్దొస్తుంది, పెద్దదయ్యాక ట్యాంకంతా నాదే అంటుంది, నేనైతే వెయ్యను.

ఇక నా ఫేవరెట్. ఆ రాయి కింద చూడండి, మీసాలు కనిపిస్తున్నాయా, సినోడాంటిస్ అనే క్యాట్‌ఫిష్. అదే ఆఫ్రికా నీళ్ళు, అడుగున బతుకుతుంది, సిక్లిడ్‌తో జాగా కోసం పోటీ లేదు, గట్టి తల, పైగా జెల్ల చేపకున్నట్టు ముల్లుంటుంది. జెల్ల ముల్లు గుచ్చుకున్నోడికి ఆ బాధ ఏంటో తెలుసు కదా! అందుకే చిన్న పిల్లని వెయ్యొద్దు, ఫ్రంటోసా మింగబోతే ఆ ముల్లు గొంతులో అడ్డంపడి రెండూ పోతాయి. ఐదంగుళాలొచ్చాకే వెయ్యండి. సినోడాంటిస్‌లోనే మల్టీపంక్టేటస్ అనే రకం ఇంకా విచిత్రం, సిక్లిడ్ గుడ్లు పెట్టే టైముకి మధ్యలో దూరి తన గుడ్లు కలిపేస్తుంది, తల్లి సిక్లిడ్ అన్నీ తనవే అనుకుని నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, సినోడాంటిస్ పిల్లలు గుడ్లలోంచి ముందు బయటికొచ్చి సిక్లిడ్ పిల్లల్నే తినేస్తాయి. మన కోకిలలాగే. పిల్లలు తీయాలనుకునేవాళ్ళు ఈ రకం వెయ్యకండి, మిగతావాళ్ళకి పదికి తొమ్మిది.

సక్కర్ ఫిష్ బతుకుతుంది, కానీ పెరిగిపోయిందని కాలవలో మాత్రం వదలకండి, దయ్యం చేప అని మన చెరువుల రైతులు తలపట్టుకునేది దీని గురించే.

కొత్తదాన్ని వేసేముందు రాళ్ళు అటూ ఇటూ మారుస్తాను, అప్పుడు పాతవాటికి కూడా ఇది కొత్త ఇల్లే, సరిహద్దు గొడవ తగ్గుతుంది. లైటు ఆపి, ముందు కడుపునిండా మేత పెట్టి, అప్పుడు వదులుతాను. రెక్కలు చిరిగినా, పైన ఫిల్టర్ పక్కన నక్కి ఉన్నా వెంటనే తీసెయ్యండి, అలవాటు పడుతుందిలే అని ఆగకండి.

ఇదిగో ఈ టబ్బులో ఇంకో సినోడాంటిస్ ఉంది, ఇంకా మూడంగుళాలే. సంక్రాంతికి ఐదు అవుతాడేమో, అయితే అప్పుడు వదులుదాం, ఆ వీడియో కూడా తీస్తాను. ఇప్పుడు లైటు వేస్తున్నాను, పెద్దోడి నీలం రంగు చూడండి.