పలాస జీడి పిక్కల ధరని గేమ్ థియరీ షీటు ముందే చెప్పగలదా? రివ్యూ

నమస్కారమండీ. ఈసారి రివ్యూకి తీసుకున్నది ఒక లెక్క. నలుగురు కూర్చుని బేరమాడితే ఆ బేరం ఎక్కడ తెగుతుందో ముందే అంచనా కట్టే లెక్క. ఎదుటివాళ్లు ఏం చేస్తారో చూసుకుని ఎవరి ఎత్తు వాళ్లు వేసే తీరుని లెక్కగట్టడాన్నే గేమ్ థియరీ అంటారు. దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది బ్రూస్ బ్యూనో డి మెస్కిటా, న్యూయార్క్ యూనివర్సిటీ రాజనీతి శాస్త్రవేత్త. 1979లో దీన్ని మన దేశ రాజకీయాల మీదే వాడానని, చరణ్ సింగ్ ప్రధాని అవుతారని లెక్క ముందే చెప్పిందని ఆయన అంటారు. చరణ్ సింగ్ జులై 28న ప్రధాని అయ్యారు, ఆగస్టు 20న లోక్‌సభలో బలం చూపించకుండానే రాజీనామా చేశారు. అయితే బ్యూనో డి మెస్కిటా ఆ తర్వాత తయారుచేసిన మోడల్ లోపలి లెక్క అంతా బయట పెట్టలేదన్న విమర్శ ఉంది. అందుకే మనం చూసేది ఎక్సెల్‌లో ఎవరైనా వేసుకోగల మొదటి మెట్టు మాత్రమే. మా మార్కులు 10కి 6. ఎందుకో చూద్దాం.

ఉద్దానం రైతులకి తెలిసిన బేరమే తీసుకుందాం: 80 కిలోల జీడి పిక్కల బస్తా ధర. అంకెలన్నీ మచ్చుకి వేసినవి, ఈ ఏటి మార్కెట్ ధర అనుకోకండి.

షీటులో నాలుగు గడులు కావాలి. ఎవరు, ఎంత ధర కోరుతున్నారు, బలం ఎంత, పట్టు ఎంత. బలం, పట్టు 0 నుంచి 100 లోపు వెయ్యాలి. బలం అంటే తలచుకుంటే ఎంత నడిపించగలరన్నది. పట్టు అంటే ఈ పని కోసం చేతిలో ఉన్న మిగతా పనులు ఎంతవరకు పక్కన పెడతారన్నది. ఈ రెండూ కలిపేసుకుంటే షీటు అక్కడితో పాడైపోయినట్టే. కలెక్టరాఫీసుకి బలం ఉంటుంది, సీజన్‌లో జీడి మీద పట్టు ఉండకపోవచ్చు. చిన్న రైతుకి పట్టు ఉంటుంది, బలం ఉండదు.

రైతు సంఘం: 14,000, బలం 40, పట్టు 90. చిన్న రైతులు: 11,000, బలం 20, పట్టు 95. ఫ్యాక్టరీల వాళ్లు: 9,500, బలం 80, పట్టు 60. దళారులు: 10,000, బలం 50, పట్టు 80. అధికారులు: 12,000, బలం 70, పట్టు 20.

బలాన్ని పట్టుతో గుణిస్తే ఒక్కొక్కరి బరువు వస్తుంది. వరసగా 3600, 1900, 4800, 4000, 1400. మొత్తం 15,700. ఇప్పుడు ఎవరి ధరని వారి బరువుతో గుణించి, అన్నీ కూడి, 15,700తో భాగిస్తే సుమారు 11,064 రూపాయలు. ఇది సగటు.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి. ధరల్ని తక్కువ నుంచి ఎక్కువకి పేర్చి బరువులు కూడుతూ వెళ్లండి. మొత్తంలో సగం, అంటే 7,850, ఎవరి దగ్గర దాటుతుందో చూడండి. ఫ్యాక్టరీలు 4,800, దళారులు కలిస్తే 8,800. దాటేసింది. బరువుని ఇలా సగానికి చీల్చే ధరని మధ్యగీత అందాం. అది 10,000 దగ్గర పడింది. సగటుకీ దీనికీ వెయ్యి పైన తేడా ఉంది. రెండు అంకెలూ దగ్గరగా ఉంటే అంచనాని కొంత నమ్మొచ్చు. ఇంత దూరంగా ఉంటే బేరం ఎటైనా ఒరగొచ్చని అర్థం.

ఇక ప్రభావితం చేయడం. సంఘం గొంతు పెంచి 16,000 అడిగిందనుకోండి. సగటు 11,522కి లేస్తుంది, మధ్యగీత 10,000 నుంచి కదలదు. మీటింగులో చప్పట్లు పడతాయి, కాటా దగ్గర ధర అదే. దానికి బదులు అధికారుల పట్టుని 20 నుంచి 60కి తెచ్చారనుకోండి. అర్జీలు, ధర్నా, పేపర్లో వార్త, ఏదో ఒక దారిలో. సగటు 11,205. పెద్ద తేడా లేదు. కానీ మధ్యగీత ఒక్కసారిగా 11,000కి దూకుతుంది. అడిగే ధర పెంచడం కన్నా పట్టించుకోని వాళ్లని పట్టించుకునేలా చేయడమే ఈ షీటులో గట్టిగా పనిచేస్తుంది. మాకు నచ్చింది ఈ భాగమే.

అయితే ఒక మెలిక ఉంది. చిన్న రైతు సీజన్ ముందు దళారి దగ్గర డబ్బు వాడుకున్నాడనుకోండి. నోటితో 11,000 అంటాడు, పిక్కలు మాత్రం అప్పిచ్చిన చోటికే తోలాలి. అతని అసలు ధర 10,000. గడిలో అదే వేసి, అధికారుల పట్టుని 60 దగ్గరే ఉంచి చూడండి. మధ్యగీత మళ్లీ 10,000కే వచ్చేస్తుంది. అంత ధర్నా చేసినా! అప్పు సంగతి తెలియకుండా ఈ షీటు నింపితే తప్పు జవాబుని రెండు దశాంశాలతో సహా ఇస్తుంది. అందుకని ఒక్కో అంకెనీ బేరంలో లేని ముగ్గురినైనా విడివిడిగా అడగండి. బలం, పట్టు అంకెల్ని ముగ్గురూ 20 కంటే ఎక్కువ తేడాగా చెప్తే ఆ గడిని రెండు కొసల్లోనూ పెట్టి నడపండి.

ఆఫ్రికా పిక్కల్ని మరవకండి. ఫ్యాక్టరీ గోదాంలో దిగుమతి సరుకు నిండుగా ఉంటే వాళ్ల బలం 80 కాదు, ఇంకా ఎక్కువ. రైతు బలం కూడా ఎన్నాళ్లు ఆగగలడన్న దాన్ని బట్టే. పిక్కలు సరిగా ఎండకపోతే నిల్వలో బూజు పడతాయి, అప్పుడు ఆగే శక్తే లేదు.

మార్కులు తగ్గించింది ఎక్కడంటే, ఈ లెక్కకి అవమానం తెలీదు. 1982లో జర్మనీలో గూత్, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. ఒకరికి డబ్బిచ్చి, ఎదుటివాళ్లతో పంచుకోమంటారు. ఎదుటివాళ్లు వద్దంటే ఇద్దరికీ సున్నా. లెక్క ప్రకారం రూపాయి ఇచ్చినా పుచ్చుకోవాలి. తర్వాత ఎన్నో దేశాల్లో జరిగిన ఇలాంటి ప్రయోగాల్లో, ఐదో వంతు కన్నా తక్కువ ఇస్తానంటే చాలామంది నష్టపోయైనా వద్దనేశారు. ఫ్యాక్టరీలన్నీ ఒక్కటై 9,500 అని తెగేసి చెప్తే అమ్మం పొమ్మనే రైతు ఈ షీటులో ఎక్కడా కనపడడు.

ఇంకోటి, షీటు ఒక్క గీత మీదే నడుస్తుంది. ధర ఒక గీత, డబ్బు చేతికొచ్చే రోజు ఇంకో గీత. రెండూ ఒకే షీటులో కుక్కకండి. రెండో షీటులో ధర గడిలో రోజులు వెయ్యండి: 0 అంటే కాటా దగ్గరే నగదు, 45 అంటే నెలన్నర వాయిదా. బలం, పట్టు గడులు పాతవి కాపీ కొట్టకుండా మళ్లీ అడిగి నింపండి.