వెదర్ ఫైల్లో ఎండ లెక్క ఎక్కడిది?

నమస్తే అండీ. బిల్డింగ్‌కి ఎంత ఏసీ కావాలో కంప్యూటర్లో లెక్కగట్టడానికి వాడే మీ వెదర్ ఫైల్ ఒకసారి తెరవండి. ఏడాదికి 8,760 గంటలు, గంటకో వరస. ఉష్ణోగ్రత, తేమ, గాలి చాలావరకు స్టేషన్లో కొలిచినవే. ఎండ అంకెల కాలమ్ మాత్రం చాలా ఊళ్ళకి కొలిచింది కాదు, లెక్కగట్టింది. థర్మామీటరు అన్ని స్టేషన్లలో ఉంటుంది, ఎండని కొలిచే పైరనోమీటరు ఉండేది కొద్దిచోట్లే.

1924లో స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ ఎండ కాసిన గంటల్నిబట్టి రేడియేషన్ అంచనా కట్టారు. 1940లో ప్రెస్కాట్ అనే శాస్త్రవేత్త దాన్ని వాతావరణం పైన పడే రేడియేషన్‌తో ముడిపెట్టారు. స్థానిక కొలతలు లేనప్పుడు 0.25, 0.5 అనే గుణకాలు వాడతారు: పగటిలో ఎండ కాసిన వాటాని 0.5తో గుణించి 0.25 కలుపుతారు. 12 గంటల పగట్లో 6 గంటలు ఎండ కాస్తే, పైన పడినదాంట్లో సగం నేలకి చేరినట్టు. ఇది రోజు మొత్తానికి. మనకేమో గంటగంటకీ కావాలి. అందుకు జాంగ్–హువాంగ్ మోడల్ మబ్బు, తేమ, గాలితోపాటు గత మూడు గంటల్లో ఉష్ణోగ్రత ఎంత మారిందో చూస్తుంది. ఎంత తెలివైన ఆలోచనో చూడండి! కాకపోతే గుణకాలు మన ప్రాంతానికి సరిచూసుకోవాలి.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. హైదరాబాద్‌లో సాయంత్రం, సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో, పడమటి కిటికీకి ఎదురుగా ఉన్నాడనుకోండి. సమతల నేలమీద చదరపు మీటరుకి 400 వాట్లు. అందులో 300 నేరుగా వచ్చేది, 100 ఆకాశమంతా చెదిరి వచ్చేది అయితే, సూర్యుడు కిందకి ఉన్నాడు కాబట్టి నిలువు కిటికీమీద దాదాపు 570 వాట్లు పడతాయి. అదే 400 మొత్తం చెదిరినదే అయితే, కిటికీకి కనిపించేది సగం ఆకాశమే కాబట్టి 200 మాత్రమే! నేలనుంచి తిరిగొచ్చేది రెండింటికీ ఒకటే, అందుకని వదిలేశాను. ఏసీ సైజు ఇక్కడే మారిపోతుంది.

ఎండని ఇలా నేరుగా వచ్చేది, చెదిరి వచ్చేది అని విడగొట్టడానికి ఎర్బ్స్ అనే పరిశోధకుడి బృందం 1982లో ఇచ్చిన సూత్రం బాగా వాడుకలో ఉంది. అది ఎక్కువగా అమెరికా స్టేషన్ల డేటాతో కట్టింది. మన దుమ్ము, పొగమంచు ఉన్న ఆకాశానికి అది అచ్చంగా సరిపోతుందని అనుకోవద్దు. శాటిలైట్ డేటా మంచిదే, కానీ అక్కడా నేరుగా వచ్చే ఎండ విలువ గాల్లోని దుమ్ము అంచనాని బట్టే ఉంటుంది.

అందుకే ఈపీడబ్ల్యూ ఫైల్ (వెదర్ ఫైళ్ళకి బాగా వాడే ఫార్మాట్) పైభాగంలో వ్యాఖ్యలు, ప్రతి గంట వరసలో ఆధారం చెప్పే గుర్తులు చదవండి. మబ్బులేని రోజొకటి ప్లాట్ చేయండి. వేర్వేరు ఆధారాలున్న రెండు ఫైళ్ళతో అదే బిల్డింగ్ రన్ చేసి, పడమటి గదుల పీక్ లోడ్ (ఏసీ మీద పడే గరిష్ఠ భారం) పక్కపక్కన పెట్టండి. తేడా పెద్దదైతే, ఆ తేడాని కూడా క్లయింటుకిచ్చే రిపోర్టులో రాయండి.