దుప్పటి కాలిపోయిన నేల

అందరికీ నమస్కారం.

2007 జులైలో అలాస్కా ఉత్తర వాలు ప్రాంతంలో, అనక్టువుక్ నది దగ్గర పిడుగు పడి టండ్రా అంటుకుంది. చెట్లు లేని తడినేల కాబట్టి అక్కడ మంటలు సాధారణంగా త్వరగానే చల్లారతాయి. ఆ ఏడు వేసవి బాగా ఎండగట్టింది. నిప్పు నాచులో రాజుకుంటూ నెలలు నిలిచి, సెప్టెంబరులో విజృంభించింది. అక్టోబరు దాకా ఆరలేదు. 1,039 చదరపు కిలోమీటర్లు కాలిపోయింది.

అందరూ ఈ విస్తీర్ణమే గుర్తుపెట్టుకుంటారు. నన్నడిగితే గుర్తుపెట్టుకోవలసిన అంకె 6. అక్కడ నేల మీది నాచు, పీట్ (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడ్డ మట్టి) పొర సగటున సుమారు 6 సెంటీమీటర్ల మందాన కాలింది. గాలిలో కలిసిన కార్బన్ దాదాపు 21 లక్షల టన్నులు. ఆ బూడిద కింద మొదలైన మార్పు మంటతో ఆగలేదు.

వరుసగా రెండేళ్లకు తక్కువ కాకుండా సున్నా డిగ్రీల దగ్గరో అంతకన్నా కిందో ఉండే నేలే పెర్మాఫ్రాస్ట్. దాని పైన, వేసవిలో కరిగి శీతకాలంలో మళ్లీ గడ్డకట్టే పొర ఒకటుంటుంది. దీన్ని కరుగు పొర అందాం. ఉత్తర వాలులో ఇది చాలాచోట్ల మోకాటి లోతు. దాన్ని అంత పలచగా నిలిపేది నాచే. వేసవిలో నాచు ఎండి, సందుల నిండా గాలి చేరి, వేడిని కిందికి పోనివ్వదు. శరదృతువులో తడిసి గడ్డకడుతుంది. మంచుగడ్డ నీటికన్నా దాదాపు నాలుగు రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది కనుక, చలికాలమంతా నేలలోని వేడి పైకి పోతూనే ఉంటుంది. వేసవిలో మూసుకుని, శీతకాలంలో తెరుచుకునే తలుపన్నమాట. మంట ఆ తలుపును పలచన చేస్తుంది, కొన్నిచోట్ల పూర్తిగా ఊడబెరుకుతుంది. పైగా నల్లబడిన నేల ఎండను ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది.

నేలలో మంచు తక్కువగా ఉంటే నష్టమూ తక్కువే. కరుగు పొర కొంత లోతుకు దిగుతుంది, నాచు మళ్లీ పెరిగాక నెమ్మదిగా పైకొస్తుంది. ప్రమాదమంతా మంచు మేకులున్న చోటే. చలికి నేల బీటలిస్తుంది, వసంతంలో కరిగిన నీరు ఆ బీటల్లో దిగి గడ్డకడుతుంది. ఇది వేల ఏళ్లు సాగితే పైన వెడల్పుగా, కింద సన్నగా మీటర్ల లోతున మంచు పేరుకుంటుంది, అదే మంచు మేకు. దాని తల కరిగితే పైన కందకం పడుతుంది, అందులో నీరు నిలుస్తుంది, ఆ నీరు ఎండను పీల్చి మంచును మరింత కరిగిస్తుంది. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్లు కావాలి, అందుకే కుంగుబాటు వెంటనే కనబడదు. అనక్టువుక్‌లో మంట తర్వాత రెండో ఏటా ఏడో ఏటా విమానం నుంచి లైడార్‌తో, అంటే లేజరు కిరణాలతో నేల ఎత్తును కొలిచి పోల్చారు. మంచు ఎక్కువున్న కాలిన నేల విస్తీర్ణంలో 34 శాతం మేర కుంగింది. అలాంటిదే కాలని నేలలో ఒక శాతం లోపే. కాలిన పొరలోని కార్బన్ ఏ కొన్ని దశాబ్దాల నాటిదో. ఇప్పుడు కరుగుతున్న నేలలోది వేల ఏళ్ల నాటిది. నా బాధ దాని గురించే.

ఇక కొలత. సెంటీమీటర్ల గుర్తులున్న ఉక్కు కడ్డీని గడ్డ తగిలేదాకా నేలలోకి గుచ్చుతాం. కరుగు లోతు వేసవి చివర్లో గరిష్ఠానికి చేరుతుంది, కాబట్టి కొలవాల్సింది అప్పుడే. జూన్ కొలతను ఆగస్టు కొలతతో పోల్చకూడదు. రాయి తగిలితే కడ్డీ గరగరమంటుంది, పక్కన మళ్లీ గుచ్చి చూడాలి. అసలు పొరపాటు వేరే ఉంది. మంటకు ముందు కరుగు లోతు 50, తర్వాత 70 అనుకోండి. తేడా 20 అని రాసేస్తారు. ఈలోగా నేలే 40 సెంటీమీటర్లు కుంగి ఉంటే పెర్మాఫ్రాస్ట్ నిజానికి 60 దిగినట్టు. కాబట్టి పెర్మాఫ్రాస్ట్‌లోకి లోతుగా దించిన గొట్టం నుంచి నేల ఎత్తును కూడా కొలవాలి. గొట్టం చాలినంత లోతు దిగకపోతే ఏటా గడ్డకట్టే మట్టి దాన్ని పైకి నెట్టేస్తుంది, లెక్కంతా తప్పుతుంది.

ఎంత మందం కాలిందో చెప్పేది పత్తిగడ్డి దుబ్బులు. అవి చాలావరకు బతుకుతాయి. కాండం మొదలు నుంచి చుట్టూ ఉన్న నేలకు ఎంత ఎత్తుందో కాలిన చోట, కాలని చోట కొలిస్తే, ఆ తేడాయే కాలిన మందం.

మంట ఆర్పేటప్పుడు నిప్పు దాటిపోకుండా బుల్డోజరుతో నాచును గీకి అడ్డుగీత తీయడం మంచు నేలలో మంటకన్నా పెద్ద గాయం. 1971లో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర వికర్‌షామ్ అడవి మంటలో తీసిన గీతల కింద, కాలిన నేల కన్నా లోతుగా కరిగింది. వీలైనచోట నీళ్లతో, నదినో చెరువునో అడ్డుపెట్టుకుని ఆపాలి. గీత తప్పదనుకుంటే వాలు వెంట తీయకూడదు, ఎందుకంటే నీరు పారి వాగుగా కోసేస్తుంది. మంట ఆరగానే తీసిన నాచును తిరిగి పరచాలి.

మరుసటి వేసవికే పత్తిగడ్డి చిగురిస్తుంది. కొన్నేళ్లలో ఉపగ్రహ చిత్రంలో ఆ చోటు మళ్లీ పచ్చగా కనబడుతుంది. కారిబూలు (అక్కడి అడవి రెయిన్‌డీర్లు) చలికాలంలో మేసే లైకెన్లు తిరిగి రావడానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది. ఆ పచ్చదనం చూసి కొలతలు ఆపేస్తే, కింద కుంగుతున్న నేల లెక్కలోకి రాదు. కనీసం పదేళ్లపాటు ఏటా అదే వారంలో, అవే బిందువుల దగ్గర కడ్డీ గుచ్చండి, గొట్టం దగ్గర ఎత్తు రాసుకోండి.