కెమెరా బ్యాగులోంచి బయటికి రావడం లేదండి!

వ్యాఖ్యాత: హలో, నమస్కారం. లైన్లో ఎవరండీ?

శ్రోత: నమస్కారమండి, కడియం నుంచండి. పెళ్లిళ్లకి ఫోటోలు తీస్తాను. ఆర్డర్లకేం లోటు లేదండి. నా కోసం తీసుకునే ఫోటోలే ఆగిపోయాయి. నర్సరీలోకి వెళ్తాను, కెమెరా కంటికి పెట్టుకుంటాను, ‘ఇది ఎప్పుడో తీసేశాంగా’ అనిపించి దించేస్తాను. చాలా బాధగా ఉందండి.

వ్యాఖ్యాత: మేడం, అరకో లంబసింగో ఓ ట్రిప్ వేసొస్తే?

నిపుణురాలు: నేనైతే వద్దంటాను. అక్కడ మంచు కనిపిస్తే అందరూ తీసే ఫోటోనే ఈయనా తీస్తారు. తిరిగొచ్చాక మళ్లీ కడియమేగా. తమ్ముడూ, ఏ లెన్స్ తీసుకెళ్తారు?

శ్రోత: 24-70 జూమ్ అండి. దూరానివి తీయడానికి 70-200 జూమ్ కూడా ఉంటుంది.

నిపుణురాలు: ఏం తీస్తారు?

శ్రోత: పూలేనండి. బంతి, చామంతి, గులాబీ.

నిపుణురాలు: మరి కవర్లలో మట్టి నింపేవాళ్లని?

శ్రోత: వాళ్లనా... పెద్దగా తీయలేదండి.

నిపుణురాలు: అక్కడ మొదలుపెట్టండి. ముందు వాళ్లతో మాట్లాడి, తీయొచ్చా అని అడగండి. జూమ్ లేని 50 ఎంఎం లెన్స్ ఒక్కటే పెట్టుకోండి. జూమ్ ఉంటే నిలబడ్డ చోటునుంచే పని కానిచ్చేస్తాం. 50 అయితే మీరే దగ్గరికి వెళ్లాలి, వంగాలి, కూర్చోవాలి. నల్ల కవరు అంచు ఎండకి మెరుస్తుంది, పక్కనే మట్టి పట్టిన వేళ్లు. ఆ రెండింటినే తీయండి. ఫ్రేమంతా నలుపే అయితే ఆటో మోడ్‌లో కెమెరా దాన్ని బూడిదరంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించుకోండి.

కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ వెస్టన్ అని ఒక ఫోటోగ్రాఫర్ ఉండేవారు. 1930లో క్యాప్సికం కాయల్నే పట్టుకుని కూర్చున్నారు, ఒకటి తర్వాత ఒకటి. ఒక కాయని రేకు గరాటులో పెట్టి తీశారు. వెలుగు గరాటు గోడలకి తగిలి దాని వంపుల మీద పడింది. ఆ సిరీస్‌లో 30వ నంబరు ఫోటో అదే, ఇప్పటికీ చెప్పుకుంటారు. కూరగాయే కదా అది! అందుకే ‘తీసేశాంగా’ అనే మాట నేను ఒప్పుకోను.

శ్రోత: తీసిన వెంటనే స్క్రీన్ చూస్తానండి. బాలేదనిపిస్తే డిలీట్ కొట్టేస్తాను.

నిపుణురాలు: అదే మిమ్మల్ని కట్టిపడేస్తోంది. ప్రివ్యూ ఆపేయండి. అమెరికాలో గ్యారీ వినోగ్రాండ్ అనే ఫోటోగ్రాఫర్ ఫిలిం రోల్స్‌ని నెలల తరబడి కడగకుండా పక్కన పెట్టేసేవారు. తీసినప్పటి మూడ్‌ని బట్టి ఫోటోని అంచనా వేయకూడదని ఆయన ఉద్దేశం. మీరు ఒక్క వారం ఆగండి చాలు. తర్వాత ల్యాబ్‌లో చిన్న ప్రింట్లు వేయించి, నేల మీద పరిచి చూడండి.

శ్రోత: ఇన్‌స్టాలో పెట్టొద్దంటారా?

నిపుణురాలు: కొన్నాళ్లు వద్దు. లైకులు ఎన్ని వస్తాయో అన్న టెన్షన్ కెమెరా పట్టుకున్నప్పుడే మొదలవుతుంది. మట్టి నింపే ఆవిడకి మాత్రం ఒక ప్రింట్ ఇవ్వండి. నాలుగుసార్లు వెళ్లేసరికి మీరున్నారన్న స్పృహే లేకుండా తన పని తాను చేసుకుంటుంది. నాకు నచ్చే ఫోటోలు అప్పుడే వస్తాయి.

శ్రోత: ఫ్లాష్ వాడొచ్చాండి?

నిపుణురాలు: వద్దు, షేడ్‌నెట్ కింద వెలుతురు మెత్తగా ఉంటుంది. కాకపోతే నెట్ ఆకుపచ్చదైతే మొహాల మీద ఆ రంగు పడుతుంది. రంగులు సహజంగా వచ్చేలా చేసే వైట్ బ్యాలెన్స్ సెట్టింగ్‌ని అక్కడే సరిచేసుకోండి.

శ్రోత: రేపు పొద్దున్నే వెళ్తానండి, నీళ్లు కొట్టే టైముకి.

నిపుణురాలు: ఎండకి ఎదురుగా నిలబడండి. షట్టర్ స్పీడు 1/1000 సెకనులో చుక్కలు ఆగుతాయి, 1/15 సెకనులో గీతలవుతాయి. రెండూ తీయండి.