తల తిరిగితే చెవికి రక్తం తగ్గినట్లేనా?

(గుంటూరు బ్రాడీపేటలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక చెవి, ముక్కు, గొంతు వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది అరవై దాటినవారే. తల తిరగడం ఎన్నడూ ఎరగనివారు మీలో తక్కువే ఉంటారు. తల తిరిగిందంటే ముందు పైత్యం అంటాం. తగ్గకపోతే మెడ నరాలు ఒత్తుకుంటున్నాయని పట్టీ వేసుకుంటాం. అప్పటికీ తేలకపోతే ‘చెవికి రక్తం సరిగా అందడం లేదట’ అని మాత్రలు తెచ్చుకుంటాం. ఆ మాత్రలు నెలలు, ఏళ్ల తరబడి నడుస్తాయి. చెవికి రక్తం అందకపోవడం నిజంగా ఉన్న జబ్బే. అయితే అది వచ్చినప్పుడు నెలల వ్యవధి ఇవ్వదు. నెలల తరబడి మాత్రలు మింగుతున్నవారిలో ఎక్కువమందికి ఉన్నది ఆ జబ్బు కాదు. ఈ రెండు ముక్కలూ విడమరచి చెప్పడానికే వచ్చాను.

లోపలి చెవి పుర్రెలోని గట్టి ఎముకలో ఇమిడి ఉంటుంది. అందులో మెలికలు తిరిగిన కర్ణావర్తం వినికిడికి. దాని పక్కనే ఉన్న మూడు అర్ధవలయ నాళాలు, రెండు చిన్న సంచులు మనం ఒరిగిపోకుండా నిలబడడానికి. మెడ ఎముకల గుండా పైకి వెళ్లే రెండు ధమనులు మెదడు కింద కలిసి ఒకటవుతాయి. ఆ ధమని నుంచి చిన్నమెదడుకు ఒక కొమ్మ వెళ్తుంది. సాధారణంగా ఆ కొమ్మ నుంచి చీలిన సన్నని ధమనే లోపలి చెవికి రక్తం తెస్తుంది. కొమ్మమూరు కాలువ చివరి ఆయకట్టు రైతుకు వేరే చెప్పనక్కర్లేదు: పైన నీరు ఆగితే కింద పొలానికి మరో దారి లేదు. చెవి పరిస్థితీ అంతే. గుండెకు, కాలికి పక్క దారుల్లో కొంతైనా రక్తం చేరే అవకాశం ఉంది, లోపలి చెవికి దాదాపు లేదు. రక్తం ఆగితే నిమిషాల్లోనే కర్ణావర్తం పని మందగిస్తుంది. అందులో శబ్దాన్ని పట్టే రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. మనిషిలో అవి ఒకసారి పోతే మళ్లీ పుట్టవు.

ఉదయం లేచేసరికి ఒక చెవి వినబడదు. ఫోను ఆ చెవికి పెట్టుకుంటే మాట అందదు, లోపల హోరు. గుబిలి అడ్డుపడిందనుకుని వెచ్చని నూనె పోసుకుంటారు. జలుబు తగ్గితే అదే పోతుందని రెండు వారాలు చూస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ రెండు వారాలే. మూడు రోజుల లోపు అకస్మాత్తుగా పోయిన వినికిడి అత్యవసర వైద్యం కిందకే వస్తుంది. రక్తనాళం మూసుకుపోవడం, వైరస్, రోగనిరోధక వ్యవస్థ తిరగబడడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. చాలామందిలో ఫలానా కారణమని తేలదు. తేలే వరకు ఆగకుండా స్టెరాయిడ్ చికిత్స మొదలుపెట్టాలి. అది రెండు వారాల లోపు, వీలైతే మొదటి రోజుల్లోనే జరగాలి. షుగర్ ఉన్నవారు స్టెరాయిడ్ పేరు వినగానే భయపడతారు. ఆ భయం న్యాయమైనదే, షుగర్ పెరుగుతుంది. వారికి మందును కర్ణభేరి గుండా నేరుగా మధ్య చెవిలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి ఉంది. రక్తనాళాలు వెడల్పు చేసే మందులు, రక్తం గడ్డలు కరిగించే మందులు ఈ జబ్బులో మామూలుగా వాడవద్దని 2019లో అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

గుబిలా, నరమా అని ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. నోరు మూసుకుని ‘మ్’ అని లాగి పలకండి. శబ్దం వినబడని చెవిలో గట్టిగా మోగితే అడ్డు ఏదో ఉండి ఉండవచ్చు. బాగున్న చెవిలో మోగితే నరం వైపు అనుమానించాలి. ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ఇది సూచన మాత్రమే, ఆడియోగ్రామ్, అంటే యంత్రంతో చేసే వినికిడి పరీక్ష, తీయించుకోవలసిందే.

వినికిడి పోవడంతో పాటు తల కూడా తిరిగిందంటే మరింత జాగ్రత్త అవసరం. చెవికి రక్తం తెచ్చే దారీ చిన్నమెదడుకు తెచ్చే దారీ ఒకటేనని చెప్పాను కదా. అది పక్షవాతానికి ఆరంభం కావచ్చు. మాట ముద్దగా రావడం, వస్తువు రెండుగా కనబడడం, ముఖం వంకరపోవడం, మింగలేకపోవడం, పట్టుకున్నా నిలబడలేకపోవడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చెవి వైద్యుడి కోసం వెతకవద్దు. నేరుగా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకుని చెప్పండి, ఎందుకంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. మొదటి గంటల్లో మామూలు సీటీ స్కాన్‌లో మెదడు వెనక భాగపు పక్షవాతం తరచుగా కనబడదు. స్కాన్ బాగుందని తొందరపడి ఇంటికి తిరిగి రాకండి.

ఇక రోజూ చూసే తల తిరుగుడు. పక్క మీద ఒత్తిగిలితే, అటక మీది డబ్బా కోసం తలెత్తితే గిర్రున తిరిగి నిమిషం లోపే సర్దుకుంటుంది. తలెత్తినప్పుడు వస్తుంది కాబట్టి నేరం మెడ మీద పడుతుంది. కారణం చెవిలోని సంచిలో ఉండవలసిన కాల్షియం కార్బొనేట్ రేణువులు జారి అర్ధవలయ నాళంలోకి చేరడం. దీనికీ రక్త ప్రసరణకూ సంబంధం లేదు. తలను పక్కకు తిప్పి మనిషిని వేగంగా వెనక్కి పడుకోబెట్టి కళ్ల కదలిక చూసే పరీక్షను డిక్స్, హాల్‌పైక్ అనే వైద్యులు 1952లోనే వివరించారు. రేణువులను తిరిగి సంచిలోకి చేర్చే విధానాన్ని అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించారు. మంచం మీద తలను నాలుగైదు భంగిమల్లో తిప్పడమే ఆ చికిత్స, పది నిమిషాలు కూడా పట్టదు. ఎక్కువమందికి ఒకటి రెండు సార్లతో నయమవుతుంది. ఇంత సులువైన వైద్యం చేతిలో ఉండి మనిషిని ఏడాది పొడుగునా మాత్రల మీద ఉంచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆ మాత్రల మాట కూడా చెప్పాలి. లోపలి చెవికి రక్తం పెంచుతుందని ఎక్కువగా రాసేది బీటాహిస్టిన్. మెనియర్ జబ్బులో, అంటే హోరు, చెవి దిబ్బడ, గంటల తరబడి తల తిరుగుడు కలిసి వచ్చే జబ్బులో, దానిని జర్మనీలో తొమ్మిది నెలలు పరీక్షించారు. 2016లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ అసలు మాత్ర వేసుకున్నవారికీ తేడా కనబడలేదు, ఇద్దరికీ తల తిరుగుడు ఒకేలా తగ్గింది. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ వంటివి వాంతి, తిరుగుడు ఉధృతంగా ఉన్న రెండు మూడు రోజులకు మంచివే. నెలలు వాడితే మెదడు తనంతట తాను సర్దుకోవడం ఆలస్యమవుతుంది. పెద్ద వయసువారిలో చేతులు వణకడం, నడక బిగుసుకోవడం కూడా చూస్తాం. ఇంటికి వెళ్లి అన్నీ ఆపేయమని కాదు. రాసిన వైద్యుడిని కలిసి, ఇది ఏ జబ్బుకు, ఎన్నాళ్లు అని అడగండి.

నిజంగా రక్త ప్రసరణ వల్లే వచ్చే మామూలు తల తిరుగుడు ఒకటుంది, అది చెవిది కాదు. పడుకుని లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్ముతాయి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వాడుతూ మన రోహిణి కార్తె ఎండల్లో నీళ్లు తక్కువ తాగేవారిలో ఇది మరీ ఎక్కువ. పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూస్తే తెలిసిపోతుంది. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే వైద్యుడు మందుల మోతాదు సరిచూడాలి. మీ ఇంట్లో బీపీ యంత్రం ఉంటే రేపు ఉదయమే మంచం దిగేముందు ఒకసారి, దిగాక ఒకసారి చూసి రాసిపెట్టుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.