ఒకే కందిపప్పు, ఇద్దరికి రెండు రేట్లు: చట్టం ఏమంటోంది?

(తెర మీద: టేబుల్‌పై రెండు ఫోన్లు, రెండింట్లో ఒకే సరుకుల యాప్)

నమస్కారమండి. విజయవాడ పటమట రైతు బజారుకు వెళ్తే ఆ రోజు రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. కారులో వచ్చినా, సిటీ బస్సు దిగి వచ్చినా టమాటా అదే రేటు. యాప్‌లో అలాంటి బోర్డు లేదు. మీ ఫోన్లో రేటు మీకే కనబడుతుంది, పక్క ఫ్లాట్ వాళ్లకు ఎంత చూపిస్తోందో తెలియదు.

అమెరికాలో ఇన్‌స్టాకార్ట్ అనే సరుకుల యాప్ ఉంది. ఒకే స్టోరులో ఒకే వస్తువుకు మనిషిని బట్టి 23 శాతం దాకా తేడా వస్తోందని 2025 డిసెంబరులో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే అక్కడి వినియోగదారుల సంస్థ బయటపెట్టింది. వ్యక్తిగత డేటా వాడలేదని ఇన్‌స్టాకార్ట్ అంది, కానీ ఆ నెలలోనే అలా వేర్వేరు ధరలు చూపే ప్రయోగాలు ఆపేసింది. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే 2025 నవంబరు నుంచి చట్టమే ఉంది. మీ డేటా చూసి రేటు కడితే, "ఈ ధరను మీ వ్యక్తిగత డేటాతో అల్గారిథమ్ నిర్ణయించింది" అని పక్కనే రాయాలి. అల్గారిథమ్ అంటే లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్.

మరి మన దగ్గర?

(తెర మీద: కందిపప్పు ప్యాకెట్ వెనక వైపు, ఎమ్మార్పీ దగ్గరగా)

ఎమ్మార్పీ కంటే రూపాయి ఎక్కువ తీసుకున్నా తప్పే. ఒకే ప్యాకెట్‌కు రెండు ఎమ్మార్పీలు వేసే అక్రమాన్ని కూడా 2018 జనవరి నుంచి ఆపారు. చిక్కంతా ఎమ్మార్పీ కింద ఉంది. ప్యాకెట్ మీద 220 ఉందనుకోండి. మీకు 189, మీ చెల్లెలికి 165 చూపిస్తే, రెండూ 220 లోపే కాబట్టి ఎమ్మార్పీ రూలు పనికిరాదు.

అక్కడ పనికొచ్చేది 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు. ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదని, అడ్డగోలుగా వర్గీకరించకూడదని అందులో స్పష్టంగా ఉంది. అయితే "ఒకే తరగతి" అంటే ఎవరు? కొత్త కస్టమర్, పాత కస్టమర్ వేరు అని కంపెనీ వాదించవచ్చు. ఫోన్ మోడల్‌ను బట్టి ఛార్జీ మారుతోందన్న ఫిర్యాదులపై 2025 జనవరిలో కేంద్రం ఓలా, ఉబర్‌లకు నోటీసులిచ్చింది. ఆ కంపెనీలు కాదన్నాయి. యాప్ లోపల లెక్క ఎలా జరుగుతోందో కొనేవాళ్లకు కనబడదు, అసలు కష్టం అదే. న్యూయార్క్‌లో రాస్తున్న ఆ ఒక్క వాక్యం మనకూ కావాలి, తెలుగులో, ధర పక్కనే. ఇది గట్టిగా అడగాల్సిన విషయం.

సూపర్ మార్కెట్ బిల్లు కౌంటర్లో "ఫోన్ నంబర్ చెప్పండి మేడమ్" అంటారు కదా. మీరు ఏ నెలలో ఏం కొన్నారో ఆ నంబరు కిందే పోగవుతుంది. నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. "ఇవ్వనండి, బిల్లు వేయండి" అనండి, మొహమాటపడొద్దు.

అనుమానం వస్తే ఇంట్లో రెండు ఫోన్లలో ఒకే అడ్రసు, ఒకే టైములో ఒకే సరుకు తెరవండి. టైము కనబడేలా రెండు స్క్రీన్‌షాట్లు తీయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఫిర్యాదు తీసుకుంటారు, నంబరు రాసిపెట్టుకోండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు ఉండదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.